హెస్మా పరుగు

ఆ శనివారం పొద్దున హెస్మా మూడోసారి వాకిలి ఊడుస్తుంటే, గడప మీద కూచుని వల బాగుచేసుకుంటున్న మొగుడు క్లైటన్ తలెత్తకుండానే అన్నాడు:

"ఇంకొక్కసారి ఊడ్చావంటే అడుగునుంచి ఇంకో కొండ బయటపడుద్ది. ఉన్నది ఒకటి చాలదా మనకి?"

"నీకేం, వలలో తలకాయ దూర్చుకుని కూచుంటావు. వాళ్ళొచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

"మట్టి వాకిట్లో మట్టి ఉందనుకుంటారు."

హెస్మా చీపురు గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్ళింది. చేపలకి ఉప్పూ నిమ్మరసం పట్టించిందో లేదో మూత తీసి చూసింది. పట్టించింది. మళ్ళీ రోడ్డు మీదకొచ్చి వ్యాను వస్తోందేమోనని నిలబడింది. వ్యాను రావడానికి ఇంకా రెండు గంటలుంది.

దీవి ఉత్తరపు కొసనున్న ఓవియా ఊళ్ళో హెస్మా పేరెత్తితే ఎవరికైనా ముందు ఆమె నడకే గుర్తొస్తుంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, బక్కపల్చగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడుస్తుంది. పదేళ్ళప్పటినుంచీ పాలగుండ చేలల్లో దుంపలు తవ్వింది. ఇద్దరు కూతుళ్ళని పెంచి రాజధానిలో కాపురాలకి పంపింది. ఒళ్ళు దాచుకునే రకం కాదు. కానీ ఈ రెండేళ్ళ నుంచీ ఆమె తిరుగుడు పనికోసం తిరిగే తిరుగుడులా లేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి రోడ్డు మీదికి. చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడుతుంది. ఎందుకమ్మా అంటే ఉక్కపోతంటుంది. తలుపు పక్కనే ఒక సంచీ కట్టిపెట్టి ఉంటుందనీ, రాత్రిళ్ళు చెప్పులు కాళ్ళకుండగానే పడుకుంటుందనీ క్లైటన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. క్లైటన్ ఆ సంగతి ఎత్తడు. తుపాను గురించి తీరానికొచ్చాక మాట్లాడకూడదని జాలర్లలో ఒక నియమం.

రావాల్సిన వాళ్ళు బెక్వే దీవి వాళ్ళు, లెనోరా, ఆమె మొగుడు బర్టన్. రెండేళ్ళ కిందట ఏప్రిల్లో, ఒక గురువారం సాయంత్రం ఊరి వెనకున్న సూఫ్రియేర్ అగ్నికొండ ఇక ఆగేలా లేదనీ, ఉత్తరాన ఉన్న ఊళ్ళన్నీ ఆ పూటే ఖాళీ చెయ్యాలనీ చెప్పారు. హెస్మా లారీ ఎక్కి దక్షిణానికి పోయింది. మర్నాడు పొద్దున కొండ పేలింది. క్లైటన్ మిగతా పడవల వాళ్ళతో కలిసి పడవని తీరం వెంబడే కిందికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత కొందరిని ఓడలో బెక్వేకి పంపారు. రేవులో పేర్లు పిలుస్తుంటే, బొత్తిగా తెలియని ఒక లావుపాటి ఆవిడ వచ్చి హెస్మా చేతిలో సంచీ లాక్కుని, "పద, మా ఇంట్లో వెనకగది ఖాళీగా ఉంది" అంది. ఆవిడే లెనోరా. ఆ వెనకగదిలో హెస్మా, క్లైటన్ ఐదు నెలలున్నారు.

ఒకరింట్లో ఐదు నెలలు అన్నం తింటే మాటలా? హెస్మా అంట్లు తోమింది, బట్టలుతికింది, లెనోరా వద్దని అరుస్తున్నా పెరడంతా తవ్వి చిలగడదుంప వేసింది. అయినా ఆమెకి సరిపోలేదు. ఇవ్వడానికి ఇంకేం లేక తన ఊరిని ఇచ్చింది. సాయంత్రం అందరూ అరుగు మీద చేరగానే మొదలుపెట్టేది. మా దగ్గర ఉప్పుమడుగని ఒకటుంది, ఎప్పుడో కొండ కక్కిన లావా సముద్రంలోకి పోయి గోడలా గడ్డకట్టింది, బయట అలలు కొండంత ఎత్తు లేస్తుంటే లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. మా దగ్గర ఎర్రరాతి ఊట ఉంది, ఆ నీళ్ళు తాగితే ఇనప చెంచా నాకినట్టుంటుంది, ఒళ్ళునొప్పులు పోతాయి. ఇసక నల్లగా, తడిస్తే నెమలి మెడలా మెరుస్తుంది. పక్కనున్న ఫ్యాన్సీ అనే ఊరి దాకా పోతే ఎదురుగా సెయింట్ లూసియా దీవి, చెయ్యి చాస్తే అందేటట్టు.

బర్టన్ ఓడల్లో నలభై ఏళ్ళు పనిచేసి వచ్చినవాడు. "హెస్మా తల్లీ, మీ ఊళ్ళో మేకలు కూడా పాటలు పాడతాయా?" అనేవాడు.

"రా, వచ్చి చూడు అన్నా. అప్పుడు నవ్వుదువుగాని."

ఆ రమ్మన్నది ఇన్నాళ్ళకి నెరవేరుతోంది.

పదింటికి వ్యాను పాటలు మోగించుకుంటూ వచ్చి ఆగింది. ముందు లెనోరా దిగింది, రెండు చేతులా బుట్టలతో. తర్వాత బర్టన్, ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు జాగ్రత్తగా దింపుతూ. ఆయన కుడి మోకాలు ఏనాడో ఓడ తెరచాప కొయ్య కింద నలిగింది.

కౌగిలింతలయ్యాయి. లెనోరా హెస్మా భుజాలు పట్టుకుని వెనక్కి తోసి చూసింది. "ఏమిటే ఇలా చిక్కిపోయావు? ఏవయ్యా క్లైటన్, దీనికి తిండి పెట్టట్లేదా?"

"పెట్టాలంటే ఒకచోట నిలబడాలి గదా అక్కా. దీని వెనక పళ్ళెం పట్టుకుని పరిగెత్తమంటావా?"

వాళ్ళు అరుగు మీద కూచుని కోకో ఒక గుక్క తాగారో లేదో హెస్మా లేచింది. "పదండి పదండి, పొద్దుపోతుంది."

"పొద్దుపోవడమేంటే! పదిన్నర కాలేదు" అంది లెనోరా.

"సాయంత్రం నాలుగింటి వ్యానుకే గదా మీరు పోయేది. నాలుగు చోట్లున్నాయి చూడాల్సినవి."

"చుట్టపు చూపుకి తెచ్చావా, పరుగు పందేనికి తెచ్చావా?" అని గొణుగుతూ బర్టన్ లేచాడు. క్లైటన్ చేపలు వేయించి ఉంచుతానని ఇంటిదగ్గరే ఉండిపోయాడు.

పక్కింటి ముందునుంచి పోతుంటే లెనోరా ఆగింది. నీలం తలుపులున్న చిన్న ఇల్లు, తాళం వేసి ఉంది, వాకిట్లో మందారాలు ఎవరూ కత్తిరించక ఏపుగా పెరిగిపోయాయి. "ఎంత ముచ్చటగా ఉందే! ఎవరిదిది?"

"మా నెన్నీది. నెన్నీ క్లోరిస్. నాకు బాప్తిస్మం ఇప్పించినప్పుడు ఎత్తుకున్న తల్లి. పోయింది, నిరుడు" అంది హెస్మా ఆగకుండానే.

మొదటిచోటే దెబ్బ తగిలింది. ఎర్రరాతి ఊట కోసం వాగు వెంబడి దిగారు. హెస్మా ముందు, వాళ్ళిద్దరూ చాలా వెనక. బూడిద వాన తర్వాత వచ్చిన బురదతో వాగు దారి మార్చుకుందని ఆమెకి తెలుసు. ఊట మాత్రం ఉండే ఉంటుందనుకుంది. అక్కడ బూడిదరంగు రాళ్ళగుట్ట తప్ప ఏమీ లేదు. హెస్మా ఒక కర్ర విరిచి ఇక్కడా అక్కడా పొడిచింది. మోకాళ్ళ మీద కూచుని చేతులతో తవ్వింది. గోళ్ళు నల్లబడ్డాయి గానీ చుక్క నీరు రాలేదు.

"ఇక్కడే. ఈ రాయి పక్కనే. ఎర్రగా ఉండేది రాయి."

"పోనీలేవే, రాయి రంగు మార్చుకుందేమో" అంది లెనోరా.

"చెంచా ఇంటికెళ్ళి నాకుదాంలే" అన్నాడు బర్టన్.

సరదాకే అన్నాడు. హెస్మాకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు వచ్చేముందు రోజు తను ఒకసారి ఇటొచ్చి చూసుకుని ఉండాల్సింది. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా వాగువైపు రాలేదన్న సంగతి అప్పుడే తట్టింది. రోజంతా తిరిగేదే, కానీ కొండకి దగ్గరయ్యే దారి ఒక్కటీ తొక్కలేదు.

"ఉప్పుమడుగు ఎక్కడికీ పోదు. పదండి" అని గట్టిగా అంది, ఎవరో కాదన్నట్టు.

ఉప్పుమడుగుకి దిగడానికి రెండొందల పైచిలుకు మెట్లున్నాయి. పైన ఐక్లిన్ బల్ల వేసుకుని చల్లటి పానీయాలు అమ్ముతుంది. "చుట్టాలా హెస్మా?" అంది. "స్నేహితులు. బెక్వే" అంది హెస్మా గర్వంగా. ఐక్లిన్ బర్టన్ మోకాలు చూసి, "దిగడం దేవుడి దయ, ఎక్కడం మీ దయ" అంది.

బర్టన్ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. హెస్మా పది మెట్లు దిగడం, మళ్ళీ ఐదు మెట్లు ఎక్కి వాళ్ళకోసం చూడడం, మళ్ళీ దిగడం. అలా లెక్కేస్తే వాళ్ళు ఒకసారి దిగేలోపు ఆమె రెండుసార్లు దిగినట్టే.

కానీ మడుగు ఆమె మాట నిలబెట్టింది. నల్లటి లావా బండలు వరసకట్టి సముద్రానికి అడ్డంగా నిలబడ్డాయి. అవతల అట్లాంటిక్ వచ్చి ఢీకొంటుంటే తెల్లటి నురగ పైకి లేచి, గాలికి చెదిరి, సన్నటి జల్లై లోపలికి పడుతోంది. లోపల మాత్రం పచ్చటి నీళ్ళు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, వేలెడంత చేపలు గుంపుగా ఇటూ అటూ తిరుగుతున్నాయి.

బర్టన్ టోపీ తీశాడు. తర్వాత చొక్కా విప్పి, మోకాలు వంచకుండానే ఎలాగో నీళ్ళలోకి జారి, వెల్లకిలా తేలాడు. "లెనోరా! ఒసేయ్ లెనోరా! ఇది అబద్ధం చెప్పలేదే! తక్కువ చేసి చెప్పింది!"

లెనోరా గౌను పైకి దోపుకుని ఒక బండ మీద కూచుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. "ఆహా" అని కళ్ళు మూసుకుంది. "హెస్మా, కూచో. నా పక్కన కూచో."

"కూచుంటా. ఫ్యాన్సీకి వ్యాను దొరుకుతుందో లేదో, ఇప్పుడే పైకెళ్ళి కనుక్కుంటే..."

"కూచోవే తల్లీ!"

కూచుంది. ఒక నిమిషం గడిచిందో లేదో, ఆ శబ్దం వచ్చింది.

పైనుంచి, వీపు వెనకనుంచి, రాళ్ళు దొర్లుతున్నట్టు పెద్ద ఉరుము. నేల అదిరింది, లేక అదిరినట్టు ఆమెకి అనిపించింది. తర్వాత ఏమైందో హెస్మాకి వరసగా గుర్తులేదు. మెట్లు గుర్తున్నాయి. ఒక చెప్పు జారిపోవడం గుర్తుంది. ఐక్లిన్ బల్ల దగ్గర ఎవరో "హెస్మా, లారీయే! లారీ!" అని అరవడం చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. రోడ్డు దాటి, చర్చి పక్క సందులోంచి, ఎత్తు మీదున్న బడి మైదానం దాకా ఒక్క పరుగు. ఆవేళ లారీలు ఎక్కించింది ఆ మైదానంలోనే.

మైదానంలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఒంటి చెప్పుతో, జుట్టు ఊడి, రొప్పుతూ పిచ్ మధ్యలోకి వచ్చి నిలబడ్డ హెస్మాని చూసి బౌలర్ ఆగిపోయాడు.

"మిస్ హెస్మా! క్యాచ్ పట్టడానికొచ్చారా?" అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వారు. అప్పుడు ఆమె మొహం చూసి నవ్వు ఆపేశారు.

"కొండ..." అంది.

"కొండకేమైంది?" అందరూ తిరిగి చూశారు. కొండ నెత్తిన రోజూ ఉండే మబ్బే ఉంది. "ఆ చప్పుడా? రోడ్డు గోడకి రాళ్ళు దింపుతున్నారు మిస్ హెస్మా. నిన్న కూడా దింపారుగా."

హెస్మా చుట్టూ చూసింది, ఎవరికోసమో. అప్పుడు గుర్తొచ్చింది. లెనోరా, బర్టన్ కింద ఉన్నారు. ఇద్దరినీ నీళ్ళ ఒడ్డున వదిలేసి వచ్చింది. రమ్మని కేకైనా వెయ్యలేదు.

ఆమె మళ్ళీ మెట్లు దిగేసరికి వాళ్ళు సగం దూరం ఎక్కి ఉన్నారు. బర్టన్ ఒక మెట్టు మీద చొక్కా లేకుండా కూచున్నాడు. మోకాలి కింద గీరుకుపోయి రక్తం కారుతోంది. లెనోరా తలగుడ్డ విప్పి కట్టు కడుతోంది. హెస్మా పరిగెత్తడం చూసి, కొండే పేలిందనుకుని, ఆయన కంగారుగా నీళ్ళలోంచి లేవబోయి బండ మీద జారాడు. లెనోరా ఆయన్ని ఒంటిచేత్తో ఈడ్చుకుంటూ ఇక్కడిదాకా ఎక్కించింది.

ముందు బర్టనే నోరు తెరిచాడు. నవ్వించాలనుకున్నాడు పాపం.

"ఓడ మునిగేటప్పుడు ముందు ఎలుకలు దూకుతాయంటారు మావాళ్ళు. నువ్వుంటే హెస్మా తల్లీ, ఎలుకలే నీ వెనక దూకాలి."

లెనోరా మొగుడి మొహంలోకి ఒక్క చూపు చూసింది. మాట అప్పటికే చేరాల్సిన చోటికి చేరిపోయింది.

ఇంటికొచ్చాక భోజనం వడ్డించారు. నిప్పుల మీద కాల్చిన సీమపనస, వేయించిన చేపలు, పాలగుండ రొట్టె. హెస్మా వారం రోజులుగా తలుచుకుంటూ చేసిన ఏర్పాటంతా. ఎవరి నోట్లోకీ ముద్ద దిగలేదు. ఊరి ఆసుపత్రి నర్సు వచ్చి బర్టన్ కాలు చూసింది. ఎముక బాగానే ఉంది, కానీ బాగా వాచింది, మూడు రోజులు నడవకూడదంది. అంటే నాలుగింటి వ్యాను లేనట్టే.

"మిగతా రెండు చోట్లూ ఇక్కణ్ణుంచే చూస్తాలే" అన్నాడు బర్టన్ మంచం మీద కాలు చాపుకుని. క్లైటన్ ఆయన పక్కన కూచున్నాడు. జరిగింది విన్నాడు గానీ, ఎప్పటిలా ఎగతాళి చెయ్యలేదు.

వంటింట్లో హెస్మా కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. లెనోరా వచ్చి నీళ్ళ పంపు కట్టేసింది.

"నీతో ఒక మాట చెప్పాలనే వచ్చాను హెస్మా. వెనకగది ఖాళీగానే ఉంది. మీరిద్దరూ వచ్చెయ్యండి. ఊరికే కాదు, ఉండిపోవడానికి."

"ఏం? నా ఊరు నచ్చలేదా?"

"ఊరికేమే, బంగారంలా ఉంది. నువ్వే బాలేవు. పొద్దుట్నించీ చూస్తున్నా, ఒక్క గుక్క నీళ్ళు కూచుని తాగావా? ఈ కొండ కింద నిన్నిలా వదిలేసి పోతే నాకు నిద్రపట్టదు."

"నాకు కొండంటే భయం లేదు."

"మరి ఆ పరుగేంటి?"

హెస్మా చేతిలో గిన్నె కింద పెట్టలేదు. దాన్ని చూస్తూనే చెప్పింది. ఈ రెండేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి.

ఆ గురువారం సాయంత్రం లారీ హారన్ కొడుతోంది. ఊరంతా పరిగెడుతోంది. నెన్నీ క్లోరిస్‌కి ఎనభై నాలుగేళ్ళు. ఆమె గేటు పట్టుకుని నిలబడి, నేను రాను, నా కోళ్ళని ఎవరు చూస్తారు అంది. హెస్మా బతిమాలింది. చెయ్యి పట్టి లాగింది. నెన్నీ గేటు వదల్లేదు. అప్పుడు కొండ లోపలినుంచి ఒక మూలుగులాంటిది వచ్చింది. అంతే. హెస్మా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. వెనకనుంచి నెన్నీ ఏదో పిలిచింది. ఏమందో ఆమె ఆగి వినలేదు.

"చచ్చిపోయిందా ఆవిడ?" లెనోరా గొంతు తగ్గింది.

"లేదు. మర్నాడు తెల్లారగట్ల ఎవరో కుర్రాళ్ళు ఎత్తుకుని జీపులో పడేసి తీసుకెళ్ళారట. తర్వాత ఊరికి తిరిగొచ్చింది, ఏడాది బతికింది, తన మంచం మీదే పోయింది. రోజూ పొద్దున గోడ మీంచి నన్ను పలకరించేది. ఒక్కనాడు ఒక్క మాట అడగలేదక్కా. అడిగి తిట్టినా బాగుండేది. నేనూ అడగలేకపోయాను, ఆవేళ ఏమని పిలిచావని." గిన్నె ఇటు తిప్పింది, అటు తిప్పింది. "కొండ మళ్ళీ పేలితే నేనేమైపోతానో అని కాదు నా భయం. నేనేం చేస్తానో అని. ఇవాళ తెలిసిపోయిందిగా."

లెనోరా ఓదార్చే మాటలేవీ అనలేదు. "నాకు కోపం వచ్చింది ఇవాళ. నిజం చెప్పాలిగా. ఇంకా ఉంది కొంచెం" అంది. తర్వాత చేతిలో గిన్నె లాక్కుని తుడిచి అల్మరాలో పెట్టింది.

గుమ్మంలో క్లైటన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నించో.

"నెన్నీ నాతో చెప్పింది" అన్నాడు.

"ఏం చెప్పింది?"

"మేకపిల్లలా ఎగిరి పరిగెత్తావని. చెయ్యి వదిల్తే చాలనుకుందట. ఇంకొంచెం లాగితే తను లారీ ఎక్కాల్సొచ్చేదని, కోళ్ళని వదలాల్సొచ్చేదని. చెప్తూ నవ్వింది."

హెస్మా మొగుడి మొహంలోకి చూసింది. క్లైటన్ కట్టుకథలు చెప్పే మనిషి కాదు. అలాగని ఇంతమాట కడుపులో పెట్టుకుని ఏడాది పైగా ఊరుకునే మనిషా? అతను ఆమె చూపు తప్పించుకోలేదు. నిజమో, తన కోసం అప్పటికప్పుడు అల్లాడో ఆమెకి ఈనాటికీ తెలీదు.

ఆ మూడు రోజులూ బర్టన్ కదల్లేడు కనక ఎవరూ ఎక్కడికీ పోలేదు. అరుగు మీదే కూచున్నారు. మొదటిరోజు హెస్మా లేవడం కూచోవడం లెక్కపెట్టి బర్టన్ నలభై ఒకటి అన్నాడు. రెండో రోజు లెనోరా ఆమె ఒళ్ళో బఠాణీ కాయల బుట్ట పెట్టి, వలిచేదాకా లేవడానికి వీల్లేదంది. ఐక్లిన్ వచ్చింది, బడి కుర్రాళ్ళు బర్టన్‌తో పాత మ్యాచ్‌ల గురించి వాదించడానికొచ్చారు. లెనోరా కోపం కూడా మూడో రోజుకి కరిగింది. కరిగినట్టు ఎలా తెలిసిందంటే, "ఈ రొట్టెలో ఉప్పెక్కువేసి చంపావే" అని మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.

వెళ్ళేరోజు బర్టన్ వ్యాను మెట్టు మీద నిలబడి హెస్మా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ఎలుకల మాట... నోరు జారాను తల్లీ."

"నిజమే అన్నావుగా అన్నా."

"నిజమైనవన్నీ అనేస్తే నాకు నలభై ఏళ్ళు ఓడలో ఎవడూ అన్నం పెట్టేవాడు కాదు."

వెనకగది సంగతి లెనోరా మళ్ళీ అడిగింది. హెస్మా రానంది. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి పోకుండా, తిన్నగా ఊరి విపత్తుల కమిటీ చూసే ఆగ్నెస్ టీచరు ఇంటికి వెళ్ళింది. ఊరు ఖాళీ చెయ్యాల్సొస్తే నడవలేని ముసలివాళ్ళని ఇంటింటికీ వెళ్ళి తీసుకురావడానికి మనుషులు కావాలని ఆమె రెండేళ్ళుగా చర్చిలో చెప్తూనే ఉంది.

"నా పేరు రాసుకోండి టీచరుగారూ" అంది హెస్మా. "కానీ ఒకటి చెప్పాలి. నేను పరిగెత్తే మనిషిని. చప్పుడైతే నా కాళ్ళు నా మాట వినవు."

ఆగ్నెస్ టీచరు కళ్ళద్దాల మీంచి చూసింది. "అందరి కాళ్ళూ అంతేనమ్మా. రోజూ ఆ ఇళ్ళకి నడిపించు. అలవాటైన దారిని కాళ్ళు అంత తొందరగా మర్చిపోవు."

ఏడు ఇళ్ళు అప్పజెప్పారు. హెస్మా రోజూ ఏడిళ్ళూ తిరిగేది, కొన్నిరోజులు రెండుసార్లు. మందులున్నాయా, నీళ్ళున్నాయా, కర్ర ఎక్కడ పెట్టావు, చెప్పులు ఎక్కడ. ముసలివాళ్ళకి ఊపిరాడలేదు. చివరింటి విల్మట్, తొంభై ఏళ్ళ మనిషి, పూర్వం పాలగుండ మిల్లులో మేస్త్రీ, అందరికంటే మొండి. "కొండ నన్ను చంపదు. నువ్వు తలుపు కొట్టికొట్టి చంపుతావు" అని లోపలినుంచే అరిచేవాడు.

రాత్రిళ్ళు మాత్రం పెద్ద మార్పేం రాలేదు. చెప్పులతోనే పడుకుంటోంది. వాగువైపు మాత్రం ఒకటి రెండుసార్లు వెళ్ళింది, క్లైటన్‌ని వెంటబెట్టుకుని. ఊట దొరకలేదు.

ఆగస్టులో కమిటీవాళ్ళు ఒకరోజు ఉత్తుత్తి హెచ్చరిక పెట్టారు, అందరూ ఎంతసేపట్లో మైదానం చేరతారో చూడడానికి. పొద్దున తొమ్మిదింటికి చర్చి గంట మోగింది. హెస్మా ఆరుగురిని గంటలోపు మైదానంలో కూచోబెట్టింది. విల్మట్ ఇంటికెళ్ళేసరికి ఆయన మంచం మీద కూచుని రేడియో వింటున్నాడు.

"లేవండి పెద్దయ్యా. గంట మోగింది."

"మోగితే మోగనీ. దొంగ గంట అది."

"అందరూ వెళ్ళారు. మీరొక్కరే మిగిలారు."

"మరి నువ్వూ పో. పరిగెత్తడం వచ్చుగా నీకు."

ఆ మైదానం పరుగు సంగతి ఊళ్ళో తెలియని వాళ్ళెవరు? హెస్మా కాసేపు గుమ్మంలో నిలబడింది. గంట మోగుతూనే ఉంది. ఆమె కాళ్ళు రోడ్డువైపు లాగుతున్నాయి. ఆ లాగుడు మోకాళ్ళ దాకా తెలుస్తోంది. తర్వాత లోపలికొచ్చి, ఆయన ఎదురుగా పీట లాక్కుని కూచుంది.

"ఏంటది?" అన్నాడు విల్మట్.

"ఏం లేదు. మీరు లేచినప్పుడే లేద్దాం."

"నేను లేవను."

"మంచిది."

ముసలాయన రేడియో గొంతు పెంచాడు. ఆమె పెంచనిచ్చింది. ఆయన తిట్టాడు. ఆమె తిట్టించుకుంది. పదకొండింటికి గంట ఆగిపోయింది, అంతా అయిపోయింది. మైదానంలో ఆగ్నెస్ టీచరు పేర్ల జాబితా చదివితే ఇద్దరు తక్కువొచ్చారు. ఆమె ఎండలో నడుచుకుంటూ చివరింటి దాకా వచ్చి గుమ్మంలోంచి కేకలేసింది.

"విల్మట్ సంగతి సరే! నువ్వేంటమ్మా హెస్మా, తీసుకురమ్మంటే ఇక్కడ కూచున్నావు? నిజంగా పేలి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు కాదూ?"

"అవునండీ" అంది హెస్మా. "తప్పే. వచ్చేసారికి ఇంకొకరిని తోడు పంపండి. ఇద్దరం కలిసి ఎత్తుకొస్తాం."

"నన్నెవరు ఎత్తేది!" అని విల్మట్ అరిచాడు.

టీచరు తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. విల్మట్ రేడియో కట్టేసి, పొయ్యి మీద కోకో ఉందని, కావాలంటే వెళ్ళి పోసుకోమని, తనకి మాత్రం చక్కెర తక్కువ వెయ్యమని చెప్పాడు.